ఈ మధ్య చదివిన నవలలు: నాన్నకి చదివి వినిపించినవి, నాకోసం చదువుకున్నవి

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీరు రాసేవన్నీ చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదలు. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా నాన్నకి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. నెలన్నర ఆగి ఎడమ కంటికి చేశారు. ఊళ్ళో ఒక్కడూ ఎలా ఉంటాడని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. నాన్నకి చదువు రాదు. ఆమదాలవలస అవతల మా ఊళ్ళో నలభై ఏళ్ళ పైన గొర్రెలు కాశాడు. కంట్లో చుక్కలు వేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, రోజంతా మంచం మీద కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. టీవీ అంటే మొదటి నుంచీ పడదు. రాత్రి అన్నాలయ్యాక ఏదైనా చదివి వినిపిస్తానంటే, "సరే, నిద్దరొచ్చీస్తే ఏటనుకోకు" అన్నాడు.

మొదట కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' తీశాను. పందులు మేపుకునే ఒక ముసలివాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది సాయంత్రం మందతో తిరిగి రాదు. దాన్ని వెతుక్కుంటూ ఈటె పట్టుకుని అడవిలోకి వెళ్తాడు. పంది పొదలో ఈని ఉంటుంది. దగ్గరికి పోదామంటే అదే మీద పడుతుంది, వదిలేసి వద్దామంటే నక్కలు కాచుకుని ఉంటాయి. ముగింపు చెప్పను, చదవనివాళ్ళు ఉంటారు.

నిద్రొస్తుందన్న మనిషి లేచి కూర్చున్నాడు. పెంచిన మనిషినే పంది తరిమే చోట నేను గుక్క తిప్పుకోడానికి ఆగితే, "ఆగిపోకు, చదువు. ఈనిన జీవికి యజమానీ లేడు, దేముడూ లేడు" అన్నాడు. ఆ అధ్యాయం అయ్యాక తనే చెప్పడం మొదలుపెట్టాడు. చలికాలం రాత్రి ఎవరి పొలంలోనో మంద పెట్టినప్పుడు గొర్రె ఈనితే ఏం చేసేవాడో. నా చున్నీ కొస లాక్కుని, బొటనవేలికి చుట్టి, ఒళ్ళో గొర్రెపిల్ల ఉన్నట్టే దాని ముక్కు తుడిచి చూపించాడు. ముందు ముక్కు, తర్వాత నోరు, అక్కడితో ఆపెయ్యాలి. ఒళ్ళంతా మనమే తుడిచేస్తే తల్లి నాకదట. నాకకపోతే వాసన పట్టదు, వాసన పట్టకపోతే పాలివ్వదు. ఆ తుడవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. దాని వెనకాల ఇంత లెక్క ఉందని నలభై మూడేళ్ళు వచ్చాక, ఒక నవల పుణ్యమా అని తెలిసింది.

రెండోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. 2019లో తానా బహుమతి వచ్చిన నవల, 2021లో సినిమా కూడా వచ్చింది కాబట్టి కథ చాలామందికి తెలుసు. కరువులో మేతా నీళ్ళూ లేక మందల్ని నల్లమల అడవికి తోలుకుపోయే సీమ కాపరులు, వాళ్ళతో వెళ్ళిన చదువుకున్న కుర్రాడు. ఇది పద్దెనిమిది రాత్రులు పట్టింది. రోజూ పుస్తకం తెరవగానే నాన్న అడిగేది ఒకటే, "మందలో ఎన్ని తగ్గాయి?" కుర్రాడి ఉద్యోగం సంగతి ఆయనకి పట్టలేదు. సగం అయ్యాక, "రాసినాయన గొర్రెలు కాసినోడేనా?" అని అడిగాడు. బడిపంతులు అన్నాను. "అలగైతే కాసినోళ్ళ పక్కన శానా రోజులు కూకునుంటాడు" అన్నాడు.

నాకోసం చదువుకున్నవి మూడు. బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది' కాలేజీ రోజుల్లో చదివాను, ఇప్పుడు మళ్ళీ చదివాను. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి', మధురాంతకం నరేంద్ర గారి 'మనోధర్మపరాగం' ఈ విజయవాడ పుస్తకాల పండగలో కొన్నవి. ఈ రెండింటికీ సాహిత్య అకాడమీ అవార్డులు వచ్చాయి, 2019లో మొదటిదానికి, 2022లో రెండోదానికి.

అన్నీ అయ్యాక నాకు తట్టింది ఇది. మనిషి చేసే పని తెలిసి రాసిన నవల నన్ను పట్టుకుని వదలట్లేదు. పని పక్కనపెట్టి ఉత్త మనసు గురించే రాసింది చేతికి అందట్లేదు. 'చివరకు మిగిలేది' ఈసారి నాకు దూరంగా ఉండిపోయింది అందుకే. అందులో కథానాయకుడు దయానిధి డాక్టరు. కానీ రోగి మంచం పక్కన నిలబడిన దయానిధి కంటే, తనలో తను మాట్లాడుకునే దయానిధే నాకు ఎక్కువ కనిపించాడు. ఇది నా లోపమో నవల లోపమో మీరు చెప్పండి.


గంటస్తంభం (విజయనగరం)

అమ్మా, మీ నాన్నగారి మాటలు చదివి చాలాసేపు ఆ చున్నీ కొస దగ్గరే ఉండిపోయాను. కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేసిన డాక్టరు. చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగిన పల్లెని ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. మీ నాన్నగారి మెప్పు ఆయన విని ఉంటే ఎంత బాగుండేది.

'చివరకు మిగిలేది' విషయంలో మాత్రం మీతో పేచీ పెట్టుకుంటాను. అది 1946–47లో 'నవోదయ' పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు దాని పేరు 'ఏకాంతం'. ఆ పేరు మనసులో పెట్టుకుని ఇంకోసారి తిరగెయ్యండి. దయానిధి తల్లి గురించి ఊరు ఒక మాట అనుకుంది. అతను ఎవరింటికి వెళ్ళినా ఆ మాట అతని కంటే ముందే గడప దాటి లోపల కూర్చుని ఉంటుంది. దాన్ని మోసుకుని తిరగడం పని కాదంటారా? రోగిని చూసే డాక్టరు పని సాయంత్రానికి అయిపోతుంది. ఈ మోత దించుకోడానికి అరుగూ లేదు, చుట్టకుదురూ లేదు.

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఈ నవల తీసుకెళ్ళిన పిల్లల్లో ఏటా ఒకరిద్దరు తిరిగి ఇచ్చేటప్పుడు నా ముఖం చూసేవాళ్ళు కాదు. పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ ఏమీ అడిగేవాణ్ణి కాదు. వాళ్ళ ఇళ్ళల్లో ఏముందో నాకెందుకు? వాళ్ళకి ఆ పుస్తకం అవసరమైంది, అంతే.

పని అంటున్నారు కాబట్టి రావిశాస్త్రి గారి 'అల్పజీవి' కూడా చదవండి. మీ శ్రీకాకుళంలో 1922లో పుట్టిన మనిషి. ఆ నవలలో సుబ్బయ్య గుమాస్తా. ఫైళ్ళు ఎంత రాశాడో గుర్తుండదు గానీ, అతను భయపడిన ప్రతి చోటూ గుర్తుంటుంది. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నాక ఆ భయానికి ఒక ముఖం, ఒక నడక వచ్చేస్తాయి. ఉద్యోగస్తుడు జీతానికి చేసే పని ఒకటైతే, రోజంతా లోపల చేసుకునే పని ఇంకొకటి. ఆ రెండోదాన్ని గురించి రాయడానికి నవలకి మించిన వాహనం లేదని నా నమ్మకం.


ఉద్దానం కుర్రాడు (కాశీబుగ్గ, ప్రస్తుతం హైదరాబాద్)

అక్కా, నీ పోస్ట్ మెట్రోలో నిలబడి చదివాను, దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

మా అమ్మ పదిహేడేళ్ళు జీడిపిక్కలు కొట్టింది. పలాస జీడిపప్పు అంటే దేశమంతా తెలుసు. ఆ పప్పు తెల్లగా రావడానికి ఎవరి వేళ్ళు నల్లబడ్డాయో ఎవరికీ పట్టదు. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిద పూసుకునేవారు, ఒక్కోసారి ఆముదం. చిన్నప్పుడు అమ్మ అన్నం కలిపి పెడుతుంటే గోళ్ళ చుట్టూ ఆ నల్లటి అంచు చూసి, "చెయ్యి కడుక్కోలేదా?" అని అడిగేవాణ్ణి. అది కడిగితే పోయేది కాదని ఏడో తరగతిలో తెలిసింది.

నేను నవలలు బాగానే చదువుతాను. బొగ్గు గనుల మీద చదివాను, చేనేత మీద చదివాను. గొర్రెలు, పందులు ఉన్నాయని ఇక్కడ మీరే చెప్పారు. జీడి బట్టీ మీద మాత్రం నాకు ఒక్క నవలా దొరకలేదు. ఎవరైనా రాసి ఉంటే పేరు చెప్పండి, ఎంతయినా కొనుక్కుంటాను.


సాలూరు సిస్టర్

కొండ మీద ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. జీపు కోసం ఎదురుచూసే టైములో చదువుకోవడం అలవాటు. ఈ మధ్య చదివింది 'వనవాసి', బిభూతిభూషణ్ గారి బెంగాలీ నవల, సూరంపూడి సీతారాం గారి తెలుగు.

నాగావళి గట్టు గారూ, మీ మాటకి ఈ నవల ఒక పక్క బలం, ఇంకో పక్క అడ్డం. అందులో చెప్పేవాడు కలకత్తా నుంచి ఉద్యోగానికి బీహార్ అడవికి వెళ్తాడు. ఎస్టేటు తరఫున ఆ అడవి నేలని రైతులకి కౌలుకివ్వడమే అతని పని. అంటే అతను పని బాగా చేస్తే అడవి పోతుంది. అతనికేమో రోజురోజుకీ అడవి మీద ప్రేమ పెరుగుతూ ఉంటుంది. చేతులు ఒకటి చేస్తుంటాయి, మనసు ఇంకొకటి అంటుంటుంది. ఆ పని ఎలా జరుగుతుందో రచయితకి పూర్తిగా తెలుసు, తనూ అలాంటి ఉద్యోగం మీద అక్కడ ఉన్న మనిషే. తెలుసు కాబట్టే అంత బాధ పెట్టగలిగాడు. చదువుతూ తలెత్తితే ఎదురుగా కొండ. పోడు కొట్టిన చోటు ఒకటి, జీడి మొక్కలు వేసిన చోటు ఒకటి, ఇంకా కొట్టని చోటు ఒకటి. పుస్తకం మూసేశాను ఆ రోజుకి.

మన కొండల మీద వచ్చినవాటిలో ఎక్కువ కింది నుంచి పైకి చూసి రాసినవే. మల్లిపురం జగదీశ్ గారి 'శిలకోల' కథలు చదివినప్పుడు మొదటిసారి పై నుంచి కిందికి చూసినట్టు అనిపించింది. అలాంటి చూపుతో నవల రావాలని నా కోరిక. గిడుగు వారు వందేళ్ళ కిందటే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. నేను ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది, "నొప్పి ఎక్కడ?" అని సవరలో అడగడం దగ్గరే ఉన్నాను.


నాగావళి గట్టు

సిస్టర్, 'వనవాసి' ఈ రోజే ఆర్డర్ పెట్టాను.

మాస్టారూ, మీరు చెప్పినట్టు తల్లి గురించిన భాగాలు మాత్రం మళ్ళీ చదివాను, నిన్న రాత్రీ ఇవాళ పొద్దున్నా. మీరన్నదాంట్లో నిజం ఉంది. ఊరి మాట ముందే వెళ్ళి కూర్చోవడం అన్నారే, ఆ చూపుతో చూస్తే అతను ఆడవాళ్ళ దగ్గర ఎందుకు అలా తడబడతాడో అర్థమైంది. కోమలి దగ్గర ఒకలా, అమృతం దగ్గర ఒకలా. అయినా నా పేచీ పూర్తిగా తీరలేదు. ఆ ఇళ్ళల్లో అన్నం ఎవరు వండుతున్నారు, బియ్యం ఎక్కడివి అన్న ధ్యాస నాకు పోవట్లేదు. అది నా పుట్టుక నుంచి వచ్చిన ధ్యాస. దాన్ని వదిలించుకుని చదవమంటే చదవలేను, చదవాలనీ లేదు.


గంటస్తంభం

వదిలించుకోవద్దమ్మా. ఆ ధ్యాసతోనే చదవండి. నేనూ నా ధ్యాసతోనే చదువుతున్నాను.


బొబ్బిలి ఏకాండి

'మనోధర్మపరాగం' గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? మా మావయ్య గొల్లపల్లిలో వీణలు చేస్తారు. ఒకే పనస దుంగ తొలిచి చేసే ఏకాండీ వీణ. నాకు ఆ పని రాలేదు గానీ చెవి వచ్చింది. ఆ నవల దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ళ గురించి, వాళ్ళ సంగీతం గురించి. మామూలుగా సంగీతం మీద రాసేవాళ్ళు వినేవాడి వైపు నుంచి రాస్తారు, ఆహా ఓహో అంటూ. ఇందులో పాడే మనిషి వైపు నుంచి ఉంది. పాట వాళ్ళకి అన్నం, పరువు, పరువు తక్కువ కూడా. అదే గొంతుని మెచ్చుకున్న ఊరు ఆ మనిషిని ఇంట్లోకి రానివ్వదు. మావయ్య చేసిన వీణ ఏ సభలో ఎవరు వాయిస్తున్నారో మావయ్యకి తెలియదు, వాయించేవాళ్ళకి ఈయన పేరూ తెలియదు. చదువుతున్నంతసేపూ అదే గుర్తొచ్చింది. కొంచెం నెమ్మదిగా నడిచే నవల. తొందరపడితే దక్కదు.

'శప్తభూమి'కి నేను యాభై పేజీల దగ్గర ఆగిపోయాను. సీమ మాట నాకు అడ్డం పడింది.


నాగావళి గట్టు

ఇంకో ముప్పై పేజీలు ఓపిక పట్టండి తమ్ముడూ, చెవికి పట్టేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో అనంతపురం హండే రాజుల కాలం. పేరుకి రాజుల కథ, చూపు మాత్రం రాజుల కింద నలిగినవాళ్ళ మీద. చరిత్ర నవలంటే కోటలూ నగలూ అనుకునే నాకు అది కొత్త.


జామి రోడ్డు (విజయనగరం)

పని, పని అంటున్నారు, కె.ఎన్.వై. పతంజలి గారి పేరు ఎవరూ తియ్యలేదు! 1952లో మా ఆలమండలో పుట్టిన మనిషి. ఆయన 'ఖాకీవనం' పోలీసుల మీద రాశారు, 'పెంపుడు జంతువులు' తను పనిచేసిన పత్రికల లోకం మీద రాశారు. పని తెలిసి రాయడమంటే ఇదీ.

మా నాన్న కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, పడుకోకుండా, గుమ్మంలో కూర్చుని బెల్టు బకిల్‌కి బ్రాసో రాసి గుడ్డతో తోమేవాడు. కళ్ళు మూతలు పడుతూ ఉండేవి, చెయ్యి మాత్రం ఆగేది కాదు. పొద్దున పెరేడ్‌లో ఎవరో ఒకరు అందులో ముఖం చూసుకుని తిట్టకుండా ఉండాలి కదా. 'ఖాకీవనం' ఇరవై ఏళ్ళ వయసులో చదివాను. అప్పటిదాకా నాన్న కోపిష్టి అనుకునేవాణ్ణి. ఆ కోపం స్టేషన్‌లో పుట్టి మా ఇంటిదాకా నడిచి వచ్చేదని ఆ పుస్తకం చదివాకే తెలిసింది. నాన్నకి ఆ మాట చెప్పలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది, చెప్పి ఉండాల్సింది.


బొబ్బిలి ఏకాండి

పతంజలి గారివి నేను 'వీరబొబ్బిలి', 'గోపాత్రుడు' చదివాను. బాగా నవ్వుకున్నాను. కానీ లిటరరీ నవలలు అంటూ మనం మాట్లాడుకునే వరసలో పెట్టొచ్చా? కుక్క మాట్లాడటం, భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అని ఊరు ఊరంతా తగువులాడుకోవడం...


జామి రోడ్డు

వరసలో పెట్టడం కాదు, నేనైతే ముందు పెడతాను. ఆలమండలో పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. దివాణాల్లో సిరి పోయింది, భూములు పోయాయి, మీసం మిగిలింది. ఇంట్లో గింజలు నిండుకున్నా వీధిలోకి ఇస్త్రీ చొక్కాతోనే రావాలి. ఆ బాధ చెప్పుకోడానికి వాళ్ళకి భాషే లేదు. పతంజలి గారు ఆ భాష ఇచ్చారు. కుక్కకి జాతి గర్వం ఎందుకు పెట్టారో ఆ లోగిళ్ళలో తిరిగినవాళ్ళకి తెలుసు.

'గోపాత్రుడు' సంగతికొస్తే, ఆ తగువులో భూమి ఆకారం ఎవరికి కావాలి? ఎవడు ఎవడి వైపు నిలబడ్డాడన్నదే మొత్తం గొడవ. మొన్న ఎన్నికలప్పుడు మా వీధి అరుగు మీద నేను విన్నదీ అదే. ఇంకోసారి చదవండి తమ్ముడూ, ఈసారి నవ్వు వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి చూడండి.


కళింగపట్నం లైట్‌హౌస్

కొత్తగా చేరాను. నాదొక ప్రశ్న. మన మత్స్యకారులు ఇక్కడ వేట గిట్టక గుజరాత్ వేరావల్ దాకా వలసపోతారు. 2018లో ఎచ్చెర్ల వైపు మత్స్యలేశం వాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి, 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. దాని మీద సినిమా వచ్చింది. సినిమాకి రెండున్నర గంటలే. ఒడ్డున ఉండిపోయిన ఆడవాళ్ళు ఆ పద్నాలుగు నెలలు ఎలా గడిపారో చెప్పడానికి నవల కావాలి కదా? కథల పుట్టినిల్లు అని చెప్పుకుంటాం. మన దగ్గర నవల ఎందుకు తక్కువ?


గంటస్తంభం

ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా తొలుస్తోంది. నా ఊహ చెబుతాను, తప్పైతే సరిదిద్దండి.

గురజాడ వారి 'దిద్దుబాటు' 1910లో. చాసో (చాగంటి సోమయాజులు) గారు జీవితమంతా కథలే రాశారు. కారా (కాళీపట్నం రామారావు) మాస్టారు 'యజ్ఞం' 1964లో రాశారు. అది పేరుకి కథ, బరువు నవలది. అకాడమీ అవార్డు డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు, తెలుగులో వచ్చిన ప్రతి కథా అక్కడ ఉండాలని. ఇంత గొప్ప కథ కళ్ళ ముందు ఉంటే, రాయాలని కూర్చున్న కుర్రాడి చెయ్యి కథ వైపే పోతుంది. చెయ్యి అలవాటు ఒకటి.

రెండోది, తీరిక. మన దగ్గర రాసినవాళ్ళు ఎక్కువమంది బడిపంతుళ్ళు, గుమాస్తాలు, ఉద్యమాల్లో తిరిగినవాళ్ళు. కారా మాస్టారే విశాఖలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ రాశారు. కథకి నెల చాలు. నవలకి ఏడాది పాటు ఒకే లోకంలో కాపురం ఉండాలి. రావిశాస్త్రి గారంతటివారే 'రత్తాలు–రాంబాబు' పూర్తి చెయ్యలేదు. పూర్తికాని ఆ నవల చదివి మూసినప్పుడల్లా నాకు ఎవరో ఇంట్లోంచి మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు ఉంటుంది.

అసలు లేవనడం మాత్రం న్యాయం కాదు. అట్టాడ అప్పల్నాయుడు గారి 'పునరావాసం' చదవండి. ఆయన కథలే అందరికీ తెలుసు, నవల దగ్గరికి వెళ్ళేవాళ్ళు తక్కువ.


సాలూరు సిస్టర్

ఇంకో కారణం కూడా ఉంది మాస్టారూ, మాట. మన మాట రాస్తే పాఠకుడు పారిపోతాడని భయం. రావిశాస్త్రి గారు 'సొమ్మలు పోనాయండి' అని నవలకే పేరు పెట్టారు. మన దగ్గర సొమ్ములంటే పశువులని తెలియనివాళ్ళు బంగారం పోయిందనుకుంటారు. అనుకోనివ్వండి, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. సీమ మాటలో నాలుగు వందల పేజీలు మనం ఓపిగ్గా చదవగా లేనిది, మన మాట వాళ్ళు చదవలేరా? మా దగ్గరికి వచ్చే అమ్మలు డాక్టరుగారి ముందు "కడుపులో నొప్పి" అని పుస్తకం మాట మాట్లాడతారు. నా దగ్గరికొచ్చి, "ఓలమ్మా, నరం తెంపీసినట్టు నాగీస్తంది" అంటారు. రోగం రెండో మాటలో ఉంటుంది.


ఉద్దానం కుర్రాడు

అక్కా, మాస్టారూ, మీ అందరి మాటలూ చదివాక శుక్రవారం రాత్రి రైలెక్కి ఇంటికి వచ్చాను. నిన్న మధ్యాహ్నం అమ్మ చేటలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, పిక్కలు కొట్టిన రోజుల గురించి చెప్పమన్నాను. మొదట సిగ్గుపడింది, "అదేటి కతా, ఏటి" అని. తర్వాత నలభై నిమిషాలు ఆగలేదు. నేను ఎన్నడూ వినని సంగతులు. రాయాలని కూర్చుంటే చెయ్యి ఆడట్లేదు. అమ్మ మాటని సరిచేసి రాయనా, ఉన్నది ఉన్నట్టు రాయనా? టెన్షన్‌గా ఉంది.


గంటస్తంభం

ఒక్క అక్షరం మార్చకు బాబూ. 'పోనాది' అంటే 'పోనాది' అనే రాయి. ముందు అంతా కాగితం మీదకి రానీ. అది కథా, నవలా అన్నది తర్వాత అదే చెబుతుంది.


నాగావళి గట్టు

తమ్ముడూ, కొంచెమైనా ఇక్కడ పెట్టు. ఇప్పుడు నాన్నకి పెద్దింటి అశోక్ కుమార్ గారి 'జిగిరి' చదువుతున్నాను. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం కుటుంబం, సొంత బిడ్డలా పెంచిన ఆ ఎలుగు షాదుల్‌ని చంపితే గానీ భూమి దక్కదనే పరిస్థితి. నిన్న నాన్న మధ్యలో, "ఈ రోజుకి చాలు" అన్నాడు. ఆయన ఆపమనడం ఇదే మొదటిసారి. కసాయివాడికి ఇచ్చేసిన పొట్టేలు ఒకటి గుర్తొచ్చిందట. ఇవాళ అది తియ్యను. మీ అమ్మ మాటలు పెడితే అవే చదివి వినిపిస్తాను.


ఉద్దానం కుర్రాడు

సరే అక్కా. మొదటి నాలుగు నిమిషాలు ఇవి, అమ్మ అన్నది అన్నట్టే:

"మొదట్లో నాకు చేత కానేదు. పక్కన కూకున్న అప్ప నేర్పింది. పిక్కని ఎలగ పడితే అలగ పెట్టీకూడదు, ఈపు పైకుండాల. దెబ్బ గట్టిగ పడితే లోన పప్పు బద్దయిపోద్ది. గుండుకైతే ఒక రేటు, బద్దకైతే ఒక రేటు. మెల్లగ కొడితే పిక్క ఇడదు, రెండో దెబ్బకి జీడి చిమ్మి మొకం మీద పడతాది. మొకం మీద పడితే మచ్చ, కంట్లో పడితే కన్నే. అందికే ఒకే దెబ్బ. అప్ప ఏటి చెప్పీదంటే, చేత్తో కొట్టకే, చెవితో కొట్టు. సప్పుడు ఇను. పచ్చిపిక్క ఒకలాగ పలుకుతాది, కాలిన పిక్క ఒకలాగ పలుకుతాది. నీకు జొరమొచ్చి బడికి ఎల్లని రోజు నిన్ను పక్కన గోనెసంచి మీద తొంగోబెట్టి కొట్టినాను. ఆ రోజు ఒక్క సప్పుడూ ఇనబడనేదు నాకు. అన్నీ బద్దలే."

మిగతాది వచ్చే ఆదివారం చెబుతానంది. ఈసారి అప్పని కూడా పిలుస్తానంటోంది.